మూడో గొట్టం

పుంటా అరేనస్‌లో ఫ్యాన్ కొనక్కర్లేదు.
నిలబెట్టిన ఇంజన్ వేడెక్కకుండా
షెడ్డు తలుపు బార్లా తీస్తే చాలు,
జలసంధి మొత్తం లోపలికొచ్చి కూర్చుంటుంది.

ట్యాంకు ఊడదీసి బల్ల మీద పెట్టాం.
దూలానికి కట్టిన సెలైన్ సీసాలోంచి
సన్నటి ధారగా పెట్రోలు తాగుతోంది
నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన హోండా.
నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు,
వాటి ఊపిరి కొలవడానికి
చెక్కకి బిగించిన నాలుగు గాజు గొట్టాల్లో పాదరసం.

ఒకప్పుడు డోన్ విన్కో
రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని
నాలుగు బుసల్ని ఒక్క బుస చేసేవాడట.
ఇప్పుడాయన ఎడమ చెవి పలకదు.
అందుకే పాదరసం.
అందుకే నేను.

రెండోదానికి సర్దే స్క్రూ ఉండదు.
మిగతా మూడూ దానికే సర్దుకోవాలి.
"మా పెద్దక్క" అన్నాడాయన,
అంతకు మించి చెప్పలేదు.

ఒకటి కలిసింది. నాలుగు కాస్త గునిసి కలిసింది.
మూడో గొట్టం మాత్రం
రెండు వేళ్ళ కిందే ఉండిపోయింది,
పిలిచినా పలకనట్టు.
స్క్రూ పావు చుట్టు తిప్పాను. ఇంకో పావు.
ముక్కుతూ మూలుగుతూ పైకొచ్చి
మిగతావాటి సరసన నిలబడింది.
నాలుగు వెండి తలలు ఒకే గీత మీద!
ఈల వేశాను.

థ్రాటిల్ తిప్పి వదిలితే
ఇంజన్ దిగిరాలేదు.
మూడు వేల దగ్గరే వేలాడి, వేలాడి,
తుమ్మి,
ఆగిపోయింది.

మళ్ళీ మొదటికి.
ప్లగ్గులు మార్చాం. వాల్వుల సందు కొలిచాం.
జెట్టులో గిటారు తీగ దూర్చి
వెలుతురుకి పట్టి చూశాం.
బండి సొంతదారు, రొట్టెల బట్టీ బర్తోలో,
మూడుసార్లు వచ్చి ఏమీ అడక్కుండా
మూడుసార్లు రొట్టె పెట్టి పోయాడు.
అడిగినా బాగుండేది.

రాత్రి తొమ్మిదైనా చీకటి పడని డిసెంబర్.
"యాస్నా, తలుపు వెయ్యి."
పొగ, అన్నాను.
"అర నిమిషం. ఊపిరి బిగబట్టు."

తలుపు పడగానే
షెడ్డు నా పుర్రెంత చిన్నదైంది.
పొద్దుట్నించీ చెవుల్లో ఊదిన గాలి పోయాక
ఇంజన్ మోత అడుగున
ఇంకో గాలి ఉంది, సన్నగా,
ఎవరో వేడి టీ
పళ్ళ సందున జుర్రుతున్నట్టు.

వేలితో తడుముతూ పోయాను.
మూడో కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు మెడ,
దాని అడుగున, కంటికి ఆనని చోట
గోరంత చీలిక.
సబ్బునీళ్ళు చిలకరిస్తే చప్పున మింగేసింది.
ఒక్క క్షణం ఇంజన్ గొంతు మారింది.

అంటే నేను ఈల వేసిన సమానం
దొంగ సమానం.
దొడ్డిదారిన గాలి వస్తుంటే
వీధి తలుపు ఓరగా మూసి
లెక్క సరిపెట్టాను.

కొత్త రబ్బరు సాంతియాగో నుంచి రావాలి.
రెండు వారాలు, ఓడకి బుద్ధి పుడితే.
అందాకా లారీ ట్యూబు ముక్క, రెండు క్లిప్పులు.

ఇప్పుడు మూడోది
అందరి నెత్తినెక్కి కూర్చుంది.
తిప్పిన స్క్రూని వెనక్కి తిప్పుతూ దింపాను.
పావు. ఇంకో పావు.
గీత మీద ఆగాక టార్చి వేసి చూద్దును కదా,
స్క్రూ తల మీద పసుప్పచ్చ పెయింటు చుక్కలో సగం,
పక్క నట్టు మీద మిగతా సగం,
రెండూ ఎదురెదురుగా వచ్చి అతుక్కున్నాయి.
నలభై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీలో ఎవరో
బ్రష్షు కొనతో పెట్టి
పక్క బండికి వెళ్ళిపోయిన చుక్క.

చూడమన్నాను.
డోన్ విన్కో చూడలేదు.
కుడి చెవి ఇంజన్ వైపు వంచి నిలబడ్డాడు.
పొగ కమ్ముకొస్తోంది.
తలుపు తియ్యడానికి కదిలితే
ఆగమని చెయ్యెత్తాడు.